విప్పని మూటలు, ఎనిమిది గళ్ల పలక: నాణేల వేలం డైరీ

నవంబర్ 3

పలక సిద్ధమైంది. టేకు చెక్కలో ఎనిమిది గుంతలు, నాలుగేసి చొప్పున రెండు వరుసలు. పై వరుస మహబూబ్ అలీ ఖాన్‌ది, కింది వరుస ఉస్మాన్ అలీ ఖాన్‌ది. రూపాయి, ఎనిమిదణాలు, నాలుగణాలు, రెండణాలు. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ (నిజాం సర్కారు సొంత డబ్బు) వెండి నాణేలు ఇద్దరు నిజాములవీ ఒకే చెక్క మీద పక్కపక్కన కనిపించాలన్నది నా కోరిక.

కింది వరుసలో మొదటి గుంత ఇప్పటికే నిండింది. అది నాయినమ్మ రూపాయి. పసుపు గుడ్డలో ముడేసి బియ్యం గుమ్మిలో దాచుకునేది. హిజ్రీ 1337, అంటే మన లెక్కలో 1918-19. చార్మినార్ గుమ్మంలోకి భూతద్దం పెట్టి చూస్తే 'అయిన్' అనే ఉర్దూ అక్షరం కనబడుతుంది, ఉస్మాన్‌కి గుర్తు. వాళ్ల నాయన కాలం నాణేల్లో అదే గుమ్మంలో 'మీమ్' ఉంటుంది, మహబూబ్‌కి గుర్తు. బొమ్మ ఒకటే, గుమ్మంలో అక్షరం మారితే పాలన మారినట్టు. ఎనిమిది గుంతల పలక ఆలోచన పుట్టింది అక్కడే.

మిగతా ఏడూ ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్ వేలంలో రోజూ పదుల కొద్దీ మూటలు పాటకు వస్తున్నాయి. 'పాత పెట్టెలో దొరికినవి', 'ఏరనివి', 'నిజాం నాణేలు ఉండొచ్చు'. అమ్మేవాళ్లు వీటిని లాట్ అంటారు. నేను మూట అనే అంటాను, ఎందుకంటే విప్పేదాకా లోపల ఏముందో తెలియదు.

ఆరు వేల రూపాయలు పక్కన పెట్టాను. ఖర్చయిన ప్రతి పైసా, దొరికిన ప్రతి నాణెం ఇక్కడ రాస్తాను. కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో గ్రాములో నూరో వంతు చూపే త్రాసు ఉంది. సాయంత్రాలు వాడుకోవడానికి ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు.

నవంబర్ 9

మొదటి మూట నాకే వచ్చింది. 'అమ్మమ్మ పెట్టె, ఏరని పాత నాణేలు, కిలో'. పాట 1,450, పోస్టు ఖర్చు 140. ఫొటోలో కుప్ప మీద ఒక చార్మినార్ రూపాయి, దాని పక్కన విక్టోరియా రాణి రూపాయి కనబడుతున్నాయి. నా పాట వాటి మీదే.

నవంబర్ 17

పార్శిల్ వచ్చింది. ఫోన్ స్టాండుకు పెట్టి, టేపు కోయడం దగ్గర్నుంచి చివరి నాణెం దాకా వీడియో తీశాను. తర్వాత బల్ల మీద పాత బెడ్‌షీట్ పరిచి ఏరడం మొదలుపెట్టాను. రాత్రి పదకొండు దాటింది.

ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు 25 పైసలు 118. స్టీలు 50 పైసలు 61. అల్యూమినియం చిల్లర, అంటే అంచు వంపులు తిరిగిన పది పైసలు, చదరపు ఐదు పైసలు, రెండు పైసలు కలిపి 94. పదకొండు మూలల రెండు రూపాయలు 24. స్టీలు రూపాయలు 12. విదేశీ చిల్లర 17. నడుమ చిల్లు ఉన్న యుద్ధకాలపు బ్రిటిష్ పైసలు 2. మొత్తం 328 నాణేలు, కిలోకి ఒక గ్రాము తక్కువ.

చార్మినార్ లేదు. విక్టోరియా లేదు. మళ్లీ వేలం పేజీ తెరిచి చదివితే, అడుగున చిన్న అక్షరాల్లో 'చిత్రం నమూనా మాత్రమే' అని ఉంది. పాట పాడిన రోజు నా కళ్లు అక్కడిదాకా పోలేదు.

పావలాలు, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30 తర్వాత చెల్లవు. మిగిలిన వాటిని చలామణి లెక్కన కడితే 90 రూపాయల 50 పైసలు. నేను పెట్టింది 1,590.

డబ్బుల సంగతి పక్కన పెడితే, ఈ మూటలో నన్ను ఆపేసింది వేరే ఉంది. 'ఏరనివి' అన్నారు కదా. ఒక ఇంటి పెట్టెలో నిజంగా యాభై ఏళ్లుగా పోగైన చిల్లరైతే మంచీ చెడూ కలిసి ఉండాలి. ఒక అణా, ఒక కాణీ, అరిగిన అర్ధరూపాయి ఎక్కడో ఒకటి తగలాలి. 328 నాణేల్లో రెండు చిల్లు పైసలు తప్ప 1947కు ముందటి మన నాణెం ఒక్కటి లేదు. ఇది పెట్టె కాదు, జల్లెడ పట్టాక మిగిలిన తవుడు. అమ్మినాయన చూశాడు, ఆయనకు అమ్మినాయన కూడా చూసి ఉంటాడు. విడిగా అమ్ముడుపోయేవన్నీ విడిగా అమ్ముడుపోయాకే కిలో లెక్కకు వస్తాయి.

టంకశాల గుర్తుల కోసం రెండు సాయంత్రాలు గడిపాను. ఏడాది కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నక్షత్రాలన్నీ ఒక సీసాలో వేశాను. పిల్లలకు చూపించడానికి పనికొస్తాయి.

నవంబర్ 24

రెండో మూట. 'రాజుల కాలం నాటి రూపాయి నాణేలు 10, వెండి రంగు, అరుదైన సంవత్సరాలు'. పాట 2,600, దాని మీద పదో వంతు కమిషన్ 260, పోస్టు 120. మొత్తం 2,980. ఈసారి ఫొటోలో పది నాణేలూ విడివిడిగా పరిచి ఉన్నాయి కాబట్టి నమ్మకం కలిగింది.

డిసెంబర్ 2

వేలానికి ముందు వేయాల్సిన లెక్క పార్శిల్ చేతికొచ్చాక వేశాను. బ్రిటిష్ వారి రూపాయి, మన పెద్దలు కల్దార్ అనేది, 11.66 గ్రాములు. వెయ్యికి 917 వంతులు వెండి. అంటే ఒక్కో నాణెంలో 10.69 గ్రాముల వెండి. పదింటిలో 107 గ్రాములు. ఆ రోజు పేపర్లో వెండి ధర చూసి గుణించినా చాలు, ఆ మూట నిజమైతే నేను పాడిన మొత్తం వెండి ఖరీదుకే చాలదని తెలిసేది. వెండిని వెండి ధరకంటే తక్కువకు ఎవరూ అమ్మరు. ఏ కంసాలి దగ్గరికి తీసుకెళ్లినా అంతకంటే ఎక్కువ వస్తుంది.

ఈ లెక్క వేసినప్పుడే ఇంకొకటి గమనించాను. హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి వెయ్యికి 818 వంతులు, అంటే 9.14 గ్రాములు. 10.69ని 9.14తో భాగిస్తే 1.17. హాలీ ఏడు రూపాయలంటే కల్దార్ ఆరు రూపాయలని మా పెద్దవాళ్లు చెప్పే మారకం లెక్క ఉంది. ఏడుని ఆరుతో భాగించినా అంతే, 1.17. నాయినమ్మ నోటి లెక్క త్రాసు మీద కనబడినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఇక పది నాణేలు.

మొదట అయస్కాంతం. నాలుగు అతుక్కున్నాయి. వెండి అతుక్కోదు కాబట్టి నాలుగూ నకిలీవని తోసేయబోయి ఆగాను. అందులో ఒకటి 1947 రూపాయి, వెనక పులి బొమ్మ. అది అసలే వెండి కాదు, స్వచ్ఛమైన నికెల్. నికెల్ అతుక్కోవాలి. అతుక్కోకపోతేనే అనుమానించాలి. ఏ ఏడాది నాణెం ఏ లోహంతో కొట్టారో తెలియకుండా అయస్కాంతం పట్టుకుంటే నిజమైనదాన్నే పారేసుకుంటాం.

మిగతా మూడూ ఇనుము కలిసినవే: ఒక 1840 విక్టోరియా, ఒక 1904 ఎడ్వర్డ్, ఒకటి 'ఈస్టిండియా కంపెనీ, 1818' అని ముద్దర ఉండి రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు ఉన్న నాణెం. ఈ చివరిది చూసి బాధేసింది. కంపెనీ వాళ్లు రామపట్టాభిషేకం నాణేలు ఎన్నడూ కొట్టలేదు. గుళ్ల దగ్గర భక్తులకు అమ్మే బిళ్లల మీద కంపెనీ పేరు, పాత ఏడాది అచ్చేసి నాణేలుగా చలామణి చేస్తున్నారు. దేవుడి మీద భక్తితోనే జనం వీటిని లక్షల ఖరీదు అనుకుని దాచుకుంటున్నారు.

తర్వాత త్రాసు. అయస్కాంతానికి అంటని ఆరింటిలో ఒకటి 11.58 గ్రాములు. మిగతావి 8.94 నుంచి 10.94 దాకా. కొన్నేళ్లు చేతులు మారితే నాణెం అరుగుతుంది, కానీ అరుగుదల బొమ్మ మీద కనబడాలి. బొమ్మ కొత్తగా మెరుస్తూ బరువు రెండు గ్రాములు తగ్గితే అది అరగడం కాదు.

10.94 దాన్ని అంత తేలిగ్గా వదలబుద్ధి కాలేదు. అందుకే నీళ్ల పరీక్ష. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నాకు తేవాలి. నాణేన్ని సన్న దారంతో కట్టి నీళ్లలో మునిగేలా వేలాడదీయాలి. గ్లాసు అడుగుకు, గోడకు తగలకూడదు. అప్పుడు త్రాసు చూపేది నాణెం తోసేసిన నీటి బరువు. గాలిలో బరువును దానితో భాగిస్తే సాంద్రత. కల్దార్ వెండికి 10.3 దగ్గర రావాలి. 11.58 గ్రాముల దానికి నీటిలో 1.12, అంటే 10.34. అది నిజం. 10.94 దానికి 1.27, అంటే 8.61. రాగి, నికెల్, జింకు కలిపిన జర్మన్ సిల్వర్ ఆ చుట్టుపక్కల ఉంటుంది. నాయినమ్మ హాలీ రూపాయి కూడా వేలాడదీశాను: గాలిలో 11.09, నీటిలో 1.09. 10.17. హాలీ వెండికి రావాల్సింది అంతే. ఫలితం తెలిసిందే అయినా, దారం పట్టుకున్న చేయి వణికింది.

అయస్కాంతానికి అంటని నకిలీ ఐదింటి సంవత్సరాలు చూడండి: 1862 రెండు, 1911, 1939, 1908. ఈ ఎంపికకు కారణం ఉంది. 1911 రూపాయి మీద జార్జ్ రాజు వస్త్రం మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవై, ప్రభుత్వం నాణేలు వెనక్కి తీసుకుని కరిగించింది. మరుసటి ఏడు ఏనుగును సరిచేశారు. 1939 వెండి రూపాయి అరుదు. మరుసటి ఏడు నుంచి వెండి సగానికి తగ్గించారు. నకిలీ చేసేవాడు పేరున్న సంవత్సరాలే ఎంచుకుంటాడు. అందుకే మామూలు 1917, 1918 కంటే పేరున్న సంవత్సరం కనబడినప్పుడే ఎక్కువ అనుమానపడాలి. ఇక 1908 అయితే మరీ అన్యాయం. దాని మీద జార్జ్ బొమ్మ ఉంది. జార్జ్ గద్దెనెక్కిందే 1910లో.

పదిలో నిజమైనవి రెండు: 1947 నికెల్, 1917 వెండి. ఆ 1917 దాని మీద రాజు తల పైన అంచులో టంకం మచ్చ ఉంది. ఒకప్పుడు ఎవరో ఆడమనిషి మెడలో రూపాయల దండలో ఉండి ఉంటుంది. సేకర్తల లెక్కలో ఆ మచ్చ విలువ తగ్గిస్తుంది. నేను మాత్రం దాన్ని తుడవను.

డిసెంబర్ 4

అమ్మినాయనకు రాశాను. వీడియో, బరువుల పట్టిక, అన్నీ పంపాను. జవాబు ఒక్క వాక్యం: 'వెండి అని మేము ఎక్కడా రాయలేదు, వెండి రంగు అని రాశాము, వాపసు లేదు'. వెళ్లి చూస్తే నిజంగానే 'రంగు' అనే మాట ఉంది. ఆ ఒక్క మాట ఖరీదు నాకు దాదాపు మూడు వేలు. వేలం నడిపేవాళ్లకు కూడా ఫిర్యాదు పెట్టాను. వివరణలో ఉన్నదే వచ్చిందని మూసేశారు.

డిసెంబర్ 6

నకిలీలు పట్టుకుని మా వీధి చివర అవుసులాయన (కంసాలి) దగ్గరికి వెళ్లాను. డెబ్బై ఏళ్లుంటాయి. గీటురాయి తీయలేదు, కొలత చూడలేదు. ఒక్కోటి రాతి మెట్టు మీద జారవిడిచి చప్పుడు విన్నాడు. నిజమైన 1917 దానికి సన్నని గంట మోగినట్టు సాగింది. మిగతావి టక్ మని ఆగిపోయాయి.

"సారూ, రూపాయెత్తంటే తులం. మా నాయన తక్కెట్ల రాళ్లు లేకుంటే కల్దార్ రూపాయి ఏసి తూసెటోడు. అందుకే దాని బరువు మా చేతికెర్క" అన్నాడు. నిజమే, పాత తులం 11.66 గ్రాములే. ఇప్పుడు మన నగల దుకాణాల్లో తులమంటే పది గ్రాములై పోయింది కానీ.

ఇలాంటివి మీ దగ్గరికి ఎన్నాళ్లకొకసారి వస్తాయి తాతా, అని అడిగాను.

"వారానికొకరు తెస్తరు. ఇది వెండి గాదు బిడ్డా అంటే మొకం చిన్నబోతది. ఒక్కడన్న పారేసిండా? పారేయడు. మల్ల ఎవరికో అంటగడ్తడు."

ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. ఇన్నాళ్లూ మూట అంటే మోసగాడు కట్టేది అనుకున్నాను. సగం మూటలు మోసపోయినవాళ్లే కడుతున్నారు. విడిగా అమ్మితే ఎవరైనా బరువు అడుగుతారు, అంచు ఫొటో అడుగుతారు. పదింటిలో కలిపి 'ఏరనివి' అని రాస్తే అడిగేవాళ్లు ఉండరు, పెట్టిన డబ్బు కొంతైనా తిరిగొస్తుంది. ఆ నాణెం అలా ఊరూరా తిరుగుతూనే ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన 1908 జార్జ్ నాకు ముందు ఎంతమంది బల్ల మీద పడి ఉంటుందో.

డిసెంబర్ 7

ఎనిమిది నకిలీలకూ ల్యాబ్ డ్రిల్‌తో నడుమ చిల్లులు వేశాను. సాంద్రత ప్రయోగానికి ఇత్తడి దిమ్మల బదులు ఇవే ఇస్తాను. ఇవి మళ్లీ ఏ మూటలోకీ పోవు.

డిసెంబర్ 15

మూడో మూట కోసం చూస్తుంటే ఒకటి కనబడింది. 'పొలంలో దొరికిన శాతవాహన సీసపు నాణేలు, మట్టితో సహా, 25'. గోదావరి ఒడ్డు ఊరు అని రాశారు.

దీన్ని పాడలేదు. పాడనందుకు కారణం నకిలీ భయం కాదు. కోటిలింగాల మా జిల్లా నేలే, ఇప్పుడు జగిత్యాల కింద ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద 'చిముక' పేరు చదివాకే, పురాణాల్లో వినబడే మొదటి శాతవాహన రాజుకు మన గడ్డ మీద ఆనవాలు దొరికింది. ఏ ఊళ్లో, ఏ పొరలో, ఏ కుండ పెంకు పక్కన దొరికిందో తెలిస్తేనే ఆ నాణెం చరిత్ర చెబుతుంది. తవ్వి, సంచిలో వేసి, వేలంలో పెడితే అది చిరునామా పోయిన ఉత్తరం. మిగిలేది ఓ సీసం ముక్క. భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించడం నేరం. తెలిసీ కొంటే ఇంకో పొలం తవ్వమని డబ్బిచ్చినట్టే. ఒకవేళ అవి నిన్న పోతపోసి మట్టి పూసినవైతే, అప్పుడూ మోసానికే డబ్బు. ఎటు తిరిగినా నా చేయి దాని మీద పడకూడదు.

డిసెంబర్ 22

స్టాఫ్ రూములో తోటి లెక్చరర్ ఒకాయన ఫోన్ చూపించాడు. పాత రెండు రూపాయల బిళ్ల ఫొటో ఎక్కడో పెట్టాడట. ఏడు లక్షలకు కొంటామని మెసేజ్ వచ్చింది, రిజర్వు బ్యాంకు ముద్రతో పత్రం, ముందుగా పన్ను కింద 2,100 కట్టమని. కట్టబోతున్నాడు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది: పాత నాణేలు, నోట్ల అమ్మకాల్లో తమకు సంబంధం లేదు, తమ పేరుతో ఎవరూ రుసుము వసూలు చేయడానికి అనుమతి లేదు అని. చెప్పగానే ఆగాడు. అదే రెండు రూపాయల బిళ్లలు నా మొదటి మూటలో 24 ఉన్నాయి. ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను.

జనవరి 5

మూడో మూట మరాఠ్వాడా నుంచి. ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలోదే కాబట్టి హాలీ నాణేలు అక్కడి ఇళ్లల్లో దొరకడం సహజం. 'నిజాం రాగి, వెండి కలిపి 30'. ఈసారి ముందుగా రాశాను: వెండివి ఎన్ని, ఒక్కోటి బరువెంత, అంచు ఫొటో, చార్మినార్ గుమ్మం దగ్గరి ఫొటో. 'చూసుకుని పాడండి, వివరాలు లేవు' అన్నారు. నా హద్దు 1,100 అని కాగితం మీద రాసి గోడకు అంటించాను.

చివరి పది నిమిషాల్లో పాట 700 నుంచి 1,050కి ఎగబాకింది. నేను ఎంత పెంచితే ఆ వెంటనే రెండు ఖాతాలు వంతులు వేసుకుని యాభై, యాభై పెంచుతున్నాయి. ఆ రెండూ పాత పాటల్లో ఇదే అమ్మకందారు మూటల్లో తప్ప ఇంకెక్కడా కనబడవు. రుజువు చేయలేను. హద్దు దగ్గర ఆగాను. మూడు రోజుల తర్వాత అదే మూట, అదే ఫొటోతో మళ్లీ పాటకు వచ్చింది.

జనవరి 11

వేలాలు వదిలి, పాత నాణేలు విడిగా అమ్మే హైదరాబాద్ దుకాణదారుకు ఫోన్ చేశాను. నేను అడిగేలోపే బరువు చెప్పాడు. ఫొటోలు మూడు పంపాడు: బొమ్మ, బొరుసు, అంచు. నచ్చకపోతే వారంలో వాపసు, బిల్లు మీద రాసి. మహబూబ్ కాలపు నాలుగణాలు, 780, రిజిస్టర్డ్ పోస్టు 60.

వాట్సాప్‌లో ఇంకో మాట రాశాడు: చింతపండు పెట్టి తోమొద్దు సార్, ఆ నల్లదనం దాని వయసు.

జనవరి 16

వచ్చింది. కొలతకు 2.79 రావాలి, త్రాసు 2.76 చూపింది. నీటిలో 0.27. చిన్న నాణేనికి ఈ త్రాసుతో అంతకంటే కచ్చితంగా తేలదు, అయినా వెండికి దగ్గరే. అంచు గాట్లు చుట్టూ సమానంగా ఉన్నాయి, పోత అతుకు ఎక్కడా లేదు. రాతి మీద పడేసి వినడానికి మనసొప్పలేదు. భూతద్దం కింద చార్మినార్ గుమ్మంలో నల్లని మట్టి మధ్య 'మీమ్' గుండ్రటి తల, కిందికి జారిన తోక.

ఖర్చు ఇప్పటికి 5,410. రెండు మూటలకు 4,570, ఒక్క నాణేనికి 840. చేతిలో 590 మిగిలింది.

పై వరుసలో మూడో గుంతలో పెట్టాను. లోతు అర మిల్లీమీటరు ఎక్కువ తీశాను, నాణెం కొంచెం లోపలికి దిగింది. అడుగున మందపాటి కాగితం ముక్క వేయాలి. రబ్బరు, పీవీసీ తగలకూడదు, వెండి పాడవుతుంది. ఉస్మాన్ కాలపు రెండణాలు ఒకటుందని, వచ్చే నెల బరువు చూసి చెబుతానని దుకాణదారు అన్నాడు. 1.40 గ్రాములు రావాలి.